యంత్రముల ప్రవర



మన గ్రామమునకుఁ గ్రొత్తవాఁడెవఁడైన వచ్చినచో రచ్చబండమీఁదఁ గూర్చున్న పెద్దలు మూఁడు ప్రశ్నలు వేయుదురు: ఏ యూరు, ఇంటిపేరేమి, ఎవరి తాలూకు. దాహమునకు నీళ్లిచ్చుటకు ఈ ప్రశ్నలు అడ్డము రావు. కాని అప్పిచ్చుటకుఁగాని పిల్లనిచ్చుటకుఁగాని ఇవి తేలక తీరదు. ఉపనయనమైన వటువునకు మొట్టమొదట నేర్పు ప్రవరయు ఇట్టిదే. గోత్రము, సూత్రము, శాఖ, తుదకుఁ దన పేరు చెప్పి వాఁడు పెద్దలకు నమస్కరించును. నేఁడు నేను మీకుఁ జెప్పఁబోవునది యంత్రముల ప్రవరనుగూర్చి. యంత్రములకుఁ బ్రవర యేమని నవ్వకుఁడు. తుదివఱకు వినిన పిదప నవ్వవచ్చునో కూడదో మీరే నిర్ణయింపుఁడు.

నేను తెలుఁగు పండితుఁడను. విద్యుచ్ఛాస్త్రము చదివినవాఁడను గాను. ఈ విషయము నాకుఁ దెలిపినవాఁడు నా పూర్వశిష్యుఁడు. పట్టణములో కొలపరికరములను మరమ్మతు చేయు చిన్న దుకాణము అతనికిఁ గలదు. పోయిన సంక్రాంతికి ఊరికి వచ్చి, నా యింటి అరుఁగుమీఁదఁ గూర్చుండి, ఒక ధర్మసందేహము నా ముందుంచెను. ఆ సందేహము చెప్పుటకు ముందు కొంత పూర్వచరిత్ర చెప్పవలయును.

విద్యుత్తు కంటికిఁ గనఁబడదు. కనఁబడనిదానిని కొలుచుటకు పరికరము కావలయును. 1888లో ఎడ్వర్డ్ వెస్టన్ అనునాయన అమెరికాలోని నెవార్కు పట్టణమున విద్యున్మాపకములు చేయు కర్మాగారమును స్థాపించెను. ముల్లు కదలుచు అంకెను జూపు మీటర్లకు అది పేరుపొందినది. 1897లో జర్మనీదేశమున కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ పండితుఁడు ఒక గాజుగొట్టములో విద్యుత్ప్రవాహపు పోకడను వెలుఁగుగీఁతగాఁ జూపెను. నేఁటి ఆసిలోస్కోపు అనెడి పరికరమునకు అదియే మూలపురుషుఁడు. 1939లో హ్యూలెట్, ప్యాకర్డ్ అను ఇద్దఱు మిత్రులు కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో పట్టణమున ఒక కారుకొట్టములో 538 డాలర్ల మూలధనముతోఁ బని మొదలుపెట్టిరి. వారి మొదటి సరకునకు వారు పెట్టిన పేరు 200ఏ. మొదటిదానికి 1 అని పెట్టక 200 అని యేల పెట్టిరి? తాము నిన్న మొన్న పుట్టినవారమని కొనువారికిఁ దోఁపకుండుటకని వారే తరువాతఁ జెప్పుకొనిరి. చూచితిరా! సంఖ్య అనునది మొదటినుండియు లెక్కకు మాత్రమే కాదు, గౌరవమునకుఁగూడ ఉపయోగపడుచున్నది. 1946లో ఆరెగన్ రాష్ట్రమున టెక్‌ట్రానిక్స్ సంస్థ పుట్టి, ఆసిలోస్కోపుల తయారీలో పేరు గడించెను.

ఒకే మాదిరి పరికరములు వందలకొలఁది తయారగునప్పుడు ఒకదానికి మఱియొకదానికి భేదము తెలియదు. కవలపిల్లలకు మొలత్రాడు రంగు మార్చి కట్టినట్లు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క సంఖ్య వేయవలసివచ్చెను. దీనినే సీరియల్ నంబరు అందురు. లోహపు రేకుమీఁద చెక్కి, వెనుకవైపున మరలతో బిగించెడివారు. హ్యూలెట్ ప్యాకర్డ్ వారి పద్ధతి ముచ్చటయైనది. సంఖ్యలో మొదట నాలుగంకెలు, పిదప ఒక యింగ్లీషు అక్షరము, ఆపైన అయిదంకెలు. మొదటి రెండంకెలకు 1960 కలిపినచో సంవత్సరము, తరువాతి రెండంకెలు ఆ సంవత్సరములోని వారము. ఆ పరికరపు నిర్మాణములో ముఖ్యమైన మార్పు జరిగిన కాలమును అవి తెలుపును. ఏ యని యున్నచో అమెరికాలో, జే యని యున్నచో జపానులో, జీ యని యున్నచో పశ్చిమజర్మనీలో చేయఁబడినదని యర్థము. ఉదాహరణమునకు 2416ఏ అని మొదలైనచో 1984వ సంవత్సరము పదునాఱవ వారపు నిర్మాణము, పుట్టిల్లు అమెరికా. తుది అయిదంకెలు ఆ ఒక్క పరికరమునకే చెల్లును. వంశము, జన్మస్థలము, నామధేయము – ఇది ప్రవర గాక మఱేమి?

రేకుమీఁద సంఖ్య యున్నన్నాళ్లు చిక్కు లేకుండెను. లోపల తీఁగ కాలినను, గొట్టము పగిలినను, క్రొత్తది వేయుదురు. రేకు పెట్టెతోనే యుండును, పేరు పెట్టెదే. దీనికి ఇంతకంటెఁ బూర్వపు నిదర్శన మొకటి మన దక్షిణదేశమందే కలదు. 1802లో మద్రాసున లాంబ్టన్ దొర భూమికొలత మొదలుపెట్టెను. కోణములు కొలుచు ఆయన పెద్ద థియొడొలైటు అర టన్ను బరువు గలది. దాని వృత్తము మూఁడడుగుల వ్యాసము. 1808లో తంజావూరి గుడిగోపురముమీఁదికి దానిని ఎక్కించుచుండఁగాఁ ద్రాడు తెగి, గోడకుఁ గొట్టుకొని వృత్తము వంకరపోయెను. లాంబ్టన్ గుడారములో దాఁగినట్లు కూర్చుండి, వారములకొలఁది శ్రమపడి దానిని తన చేతులతోనే సరిచేసెను. అటుపిమ్మట 1830 ప్రాంతములయందు కలకత్తాలో హెన్రీ బారో అను పనివాఁడు దానిని మరల బాగుచేసెను. ఆ కొలత మన తెలంగాణపు నేలమీఁదుగా హిమాలయములదాఁక సాగినది. ఇన్ని మరమ్మతులు జరిగినను అందఱును అదే థియొడొలైటు అనిరి. కాని ఒక్క సంగతి గమనింపుఁడు. పేరు అదే యైనను, దెబ్బ తిన్న పిదప కొలతలు సరిగా వచ్చుచున్నవా లేదా యని లాంబ్టన్ పరీక్షింపక వదలలేదు. పేరు వేఱు, నమ్మకము వేఱు. ఈ మాట గుర్తుంచుకొనుఁడు. దీనితో మనకుఁ బని యున్నది.

ఇఁక మార్పు వచ్చిన కాలమునకు వత్తము. 1960–70 ప్రాంతములలో పరికరములను ఒకదానితో నొకటి తీఁగలద్వారా మాటలాడించు ఉపాయము వచ్చెను. హ్యూలెట్ ప్యాకర్డ్ వారు కనుఁగొన్న ఈ పద్ధతిని 1975లో అమెరికా దేశపు విద్యుదింజనీర్ల సంస్థ ప్రమాణముగా ప్రకటించెను. 1987లో దానికి రెండవ భాగము వెలువడినది. అందులో అన్ని పరికరములకును ఉమ్మడియైన ప్రశ్న యొకటి ఏర్పఱుపఁబడినది. ఒక నక్షత్రపు గుర్తు, ఐ, డి, ఎన్ అను మూఁడక్షరములు, ఒక ప్రశ్నార్థకము. ఇంతే ఆ ప్రశ్న. ‘నీ వెవరవు?’ అని దాని భావము. పరికరము నాలుగు మాటలలో జవాబు చెప్పవలయును: చేసినవారి పేరు, మాదిరి పేరు, తన సంఖ్య, తనలోని ఆజ్ఞాసంపుటి యెన్నవదియో. గోత్రము, సూత్రము, శాఖ, నామము అని వటువు చెప్పినట్లే గదా! తన సంఖ్య తెలియని పరికరము ఏమి చెప్పవలయునో ఆ ప్రమాణమందే వ్రాసియున్నది. ఆ స్థానమున సున్న చెప్పవలయును.

రేకుమీఁది పేరు చదువుటకు మనుష్యుని కన్ను చాలును. కాని యంత్రము తన పేరు తానే చెప్పవలయునన్నచో ఆ పేరు దాని లోపలి జ్ఞాపకములో ఉండవలయును. దీపము ఆర్పినను చెరగని జ్ఞాపకము కావలయును. 1971లో ఇంటెల్ సంస్థలో డోవ్ ఫ్రోమన్ అనునాయన అట్టి చిప్ నొకదానిని కల్పించెను. దానిమీఁద చిన్న గాజుకిటికీ యుండును. అతినీలలోహిత కిరణములు ఆ కిటికీగుండ సోఁకినఁగాని వ్రాత చెరగదు. 1978లో అదే సంస్థయందు జార్జి పెర్లెగోస్ నాయకత్వమున, విద్యుత్తుతోనే చెరిపి విద్యుత్తుతోనే వ్రాయఁదగిన చిప్ తయారైనది. విద్యుత్కణములు చొరరాని పొర నడుమ చిన్న ద్వీపమువంటి చోటు కల్పించి, వానిని అందులో బంధించుటయే ఇందలి కిటుకు. బంధింపఁబడిన కణములు ఏండ్లతరబడి అక్కడనే యుండును. 1984లో జపానుదేశపు తొషీబా సంస్థలోని ఫుజియో మసువోకా ఫ్లాష్ అను మఱియొక రీతిని లోకమునకుఁ దెలిపెను. నేఁడు మీ జేబులలోని ఫోనులందున్న జ్ఞాపకము ఆ సంతతిదే. వీనికిఁ దోడు బ్యాటరీ ఆధారముగ నిలుచు జ్ఞాపకము గూడ కలదు. అది చిప్‌లోనే చిన్న లిథియము ఘటమును దాఁచుకొని యుండును. పదేండ్ల ప్రాంతమున ఆ ఘటము చచ్చినచో పేరును, కొలతల దిద్దుబాటును ఒక్కపెట్టునఁ బోవును. నూనె అయిపోయిన దీపమువలె ముందుగా మిణుకుమిణుకుమనుటయు ఉండదు.

ఇట్లు పేరు రేకునుండి బోర్డుమీఁదికి, పెట్టెనుండి పెట్టె లోపలికిఁ జేరినది. చిక్కు ఇక్కడనే పుట్టినది. పిడుగుపాటుచేతనో, చెమ్మచేతనో బోర్డు పాడగును. పాతదానిని తీసి క్రొత్తది బిగింతురు. దీపము వెలుఁగును, గీఁత నడచును. యజమానుఁడు సంతసించి ‘నీ వెవరవు?’ అని యడుగును. క్రొత్త బోర్డు సున్న యని చెప్పును. లేదా, ఆ బోర్డు వేఱొక పరికరమునుండి ఊడఁదీసినదైనచో, ఆ పరకాయపు పేరు చెప్పును. వెనుక రేకుమీఁద ఒక పేరు, నోట వేఱొక పేరు!

దీనికి వైద్యము మూఁడు విధములు. జ్ఞాపకపు చిప్ ఊడి వచ్చునదైనచో పాత బోర్డునుండి తీసి క్రొత్తదానిలో అమర్చుట మొదటిది. ఇది ఉత్తమము. యజమానుని సంఖ్య తెలిసికొని తయారుచేసినవారే దానిని వ్రాసి బోర్డు పంపుట రెండవది. మరమ్మతు చేయువాఁడే రహస్యమైన ఆజ్ఞ యొకటి యిచ్చి, లేదా లోపలి మీటనొకదానిని త్రిప్పి, సంఖ్యను వ్రాయుట మూఁడవది. ఈ మూఁడవ దారికిఁ దయారుచేసినవారు సాధారణముగఁ దాళము వేయుదురు. సంకేతపదము తెలియనివానికిఁ దెఱవరు. కొన్ని పరికరములు ఒక్కమాఱు మాత్రమే వ్రాయనిచ్చును. ఏలయనఁగా, పేరు ఎవఁడు పడిన వాఁడు మార్చఁగలిగినచో దొంగసొత్తునకు దొరసొత్తు పేరు పెట్టవచ్చును. అంతేకాక, విడిగా వెల చెల్లించి కొన్న అదనపు సామర్థ్యములు ఆ సంఖ్యను బట్టియే తెఱచుకొను పరికరములును గలవు. పేరు పోయినచో అవియు మూసికొనును.

ఇప్పుడు నా శిష్యుని ధర్మసందేహము వినుఁడు.

వైద్యశాలలలో రోగి శరీరమునకుఁ దగిలించు యంత్రములు కలవు. వానినుండి విద్యుత్తు ఏ మాత్రము రోగిమీఁదికిఁ గారుచున్నదో పరీక్షించు పరికరమొకటి యుండును. ఆంపియరులో పదిలక్షలవ వంతులను అది కొలుచును. అట్టి పరికరములు ఒకే మాదిరివి రెండు గల యొక యజమానుఁడు నా శిష్యునియొద్దకు వచ్చెను. ఒకటి పూర్తిగాఁ జెడినది. కాని దాని సరితూఁపు పత్రమునకు ఇంకను ఎనిమిది మాసముల గడువున్నది. రెండవదానికి బోర్డు మార్చవలసివచ్చెను. దాని పత్రపు గడువు తీఱినది. యజమానుఁడు చెప్పినది ఇది: “ఎట్లును క్రొత్త బోర్డులో ఏదో యొక సంఖ్య వ్రాయవలయును గదా. చచ్చినదాని సంఖ్య వ్రాయుము. వెనుక రేకు గూడ మార్చుము. పత్రము ఎనిమిది మాసములు నడచును, పరీక్షరుసుము మిగులును. పెట్టె అదే మాదిరిది. ఎవరికి నష్టము?”

నా శిష్యుఁడు చేయ ననెను. ఆ యజమానుఁడు పరికరములను రెండింటిని తీసికొనిపోయెను. వేఱొకచోట ఆ పని జరిగినదో లేదో తెలియదు. ఏడాదికి ఇరువది ముప్పది పనులు తెచ్చు ఆ గిరాకీ మరల రాలేదు. “మాస్టారూ, నేను చేసినది చాదస్తమా? లోపలి భాగములన్నియు మారినప్పుడు పరికరమునకు అసలు పేరెక్కడిది? ఈ పేరైన నేమి, ఆ పేరైన నేమి?” అని అతఁడు నన్నడిగెను.

పెద్ద ప్రశ్నయే. మిళిందరాజు నాగసేనభిక్షువును చూడవచ్చిన కథ మీలోఁ గొందఱు వినియుందురు. ఇరుసు రథమా, చక్రము రథమా, నొగ రథమా యని భిక్షువడిగెను. ఏదియుఁ గాదని రాజు చెప్పెను. వేదాంతులు ‘ఆ దేవదత్తుఁడే యీ దేవదత్తుఁడు’ అనుదానిని విచారింతురు. నాఁడు పిల్లవాఁడు, నేఁడు నెరసినవాఁడు. దేహములో మారని దేమున్నది? అయినను వాఁడే యందుము. నేనును అట్లే నా శిష్యునితో ననుమానింపక చెప్పితిని: “నాయనా, సంఖ్య రేకుది కాదు, బోర్డుది కాదు. అది ఆ పరికరపు చరిత్రకుఁ బేరు. ఎవరు కొనిరి, ఎన్నఁడు చెడినది, ఎవరు బాగుచేసిరి, దానితో ఏ రోగి యంత్రము పరీక్షింపఁబడినది – ఇవియన్నియు ఆ పేరుక్రింద ఖాతాలో వ్రాసియున్నవి. బోర్డు మారినచో ఖాతాలో ఒక పంక్తి పెరుఁగును, ఖాతా మాఱదు. కాఁబట్టి దాని పేరు దానికి మరల వ్రాయవలయును. అది ధర్మము. కాని సరితూఁపు పత్రము పేరునకు ఇచ్చినది కాదు. ఆ నాఁడు ఆ బోర్డుతో అది చూపిన కొలతకు ఇచ్చినది. బోర్డు పోయినప్పుడే అది తీఱినది. పేరు తిరిగి వ్రాయవచ్చును. నమ్మకము తిరిగి పుట్టవలయును.”

మీకు దీనిని తూనికరాళ్లతోఁ జెప్పెదను. 1956 నాఁటి చట్టముతో వీసెలు, సేరులు పోయి కిలోగ్రాములు వచ్చుట మన తండ్రుల కాలపు మాట. ఇనుపరాయి అడుగున చిన్న గుంటలో సీసము పోసి, దానిమీఁద తనిఖీదారు ముద్ర వేయును. ఒక రాతి సీసమును ముద్రతోఁగూడఁ బెకలించి మఱియొక రాతిలోఁ దిగఁగొట్టినచో ముద్ర దొంగది గాదు, సీసమును దొంగది గాదు, రాయియు దొంగది గాదు. దొంగతనమంతయు కూర్పులో నున్నది. ఆ యజమానుఁడు కోరినదియు అదే.

ఇంతవఱకుఁ జెప్పి నేను ఊరకుంటిని. ఏలనఁగా ఆ శిష్యునియెదుట ధర్మము చెప్పుటకు నాకు నోరు చాలలేదు. కారణమును మీయెదుట దాఁచను.

1991లో నేను పనిచేయుచున్న పాఠశాలలో ప్రవేశపట్టిక చెదలు పట్టెను. దానిని క్రొత్త పుస్తకములోనికి ఎత్తివ్రాయు పని నాకప్పగింపఁబడినది. పాతసంఖ్యలు అక్కడక్కడఁ జినిఁగిపోయియుండెను. ముత్యములవంటి అక్షరములతో, ఒకటి మొదలుకొని వరుసగాఁ గ్రొత్త సంఖ్యలు వేసితిని. పాతసంఖ్య ప్రక్కన వ్రాయవలయునని తోఁపలేదు; పుటలు అందముగా నున్నవని మురిసితిని. ఆఱేండ్లకు ఆ పాఠశాలలోఁ జదివిన బాలునికి ఉద్యోగము వచ్చెను. అతని పత్రముమీఁది సంఖ్య సరియా యని పాఠశాలకు వ్రాసిరి. నేనప్పటికి వేఱొక యూరికి బదిలీయై యుంటిని. క్రొత్త పుస్తకములో ఆ సంఖ్యయెదుట ఒక బాలిక పేరున్నది. ‘వివరము సరిపడలేదు’ అని జవాబు పోయినది. నాకుఁ దెలిసి, నేను పోయి సంతకము చేసి సాక్ష్యము చెప్పునప్పటికి ఆ ఉద్యోగము తరువాతివానికి ఈయఁబడినది. ఆ బాలుఁడే ఈ శిష్యుఁడు. ఆ పిమ్మట అతఁడు పట్టణము చేరి ఈ విద్య నేర్చుకొనెను.

అరుఁగుమీఁద ఆ దినమున ఈ మాట నేనే ఎత్తితిని. ఇన్నేండ్లకును నేరుగా నోరు విప్పి క్షమింపుమని అడుగనైతిని, ఆనాఁడు అడిగితిని. అతఁడు కొంతసేపు వీథివైపు చూచుచుండెను. “అందుకే గదా మాస్టారూ, ఇంకొకరి సంఖ్య వ్రాయుటకు నా చేయి రాదు” అనెను. నన్ను ఓదార్చుటకు అన్నాఁడో, ఉన్నమాట అన్నాఁడో నేను మరల అడుగలేదు.

అతఁడు తన దుకాణములో పాటించు పద్ధతి చెప్పి ముగించెదను. అది మన ఖాతాలకును పనికివచ్చును. పరికరము విప్పకముందే రేకుమీఁది సంఖ్యను, నోటి సంఖ్యను రెండింటిని పుస్తకములో వ్రాయును. లోపలి జ్ఞాపకములోని వ్రాతను ప్రతి తీసి భద్రపఱచును. బోర్డు మార్చిన పిదప తాళము తెఱచు అధికారము తనకున్నచో పాతసంఖ్యనే వ్రాయును. లేనిచో తయారుచేసినవారి చేతనే వ్రాయించును. పాత బోర్డు, క్రొత్త బోర్డు, తేది, తన సంతకము ఒక పంక్తిలో నుంచును. పాత పత్రముమీఁద ‘బోర్డు మార్చఁబడినది, చెల్లదు’ అని వ్రాసి, క్రొత్త పరీక్షకుఁ బంపును. అంతయుఁ గలిపి అరగంట పని.

మన యూళ్లలోను నేఁడు ధాన్యము తూఁచునది ఎలక్ట్రానిక్ కాటాయే. అది చెడి బాగై వచ్చినప్పుడు దీపము వెలిఁగినదని మాత్రమే చూడకుఁడు. వెనుక రేకుమీఁది సంఖ్య, కాగితముమీఁది సంఖ్య, ముద్ర తేది కలియుచున్నవా యని చూడుఁడు. కలియనిచో మరల పరీక్షింపించి ముద్ర వేయింపుమని నిలఁబెట్టి అడుగుఁడు. అడుగుట తగవు కాదు; రచ్చబండమీఁద మన పెద్దలు క్రొత్తవానిని అడిగినదే అది. తన పేరు తెలియనప్పుడు సున్న యని చెప్పు యంత్రము నిజమే చెప్పుచున్నది. దాని నోట ఇంకొకరి పేరు పెట్టువారము మనమే.